పదకొండో పడవ

నేను వేసే బొమ్మల్ని నాన్న చాలా ఏళ్లపాటు "ఆ గళ్ల బొమ్మలు" అనే అనేవారు. అందులో తప్పేమీ లేదు, అవి గళ్ల బొమ్మలే. తొంభైల్లో మా స్టీల్‌ప్లాంటు క్వార్టర్లో టీవీకి తగిలించుకుని ఆడే వీడియో గేమ్ ఒకటుండేది. వన్ టౌన్‌లో ఫారిన్ సామాన్లమ్మే ఒక ఇరుకు కొట్లో నాన్నే కొన్నారు, బోనసొచ్చిన ఊపులో. పసుపు రంగు క్యాసెట్టు, ఉఫ్‌మని ఊది పెడితే గాని పనిచేసేది కాదు. మా వరస ఇళ్ల పిల్లలంతా మా ముందుగదిలోనే మకాం. వాళ్లు గెలిచేవాళ్లు, నేను ఓడిపోయేదాన్ని. తుపాకీ పట్టుకుని మీదికొస్తున్నవాణ్ణి కాల్చడం మానేసి, వాడి ముక్కు ఎన్ని గళ్లతో అయిందా అని చూస్తూ కూర్చుంటే ఎవరైనా ఓడిపోతారు.

"కళ్లు పోతాయే, వెనక్కి జరుగు," అనేది అమ్మ. వెనక్కి జరిగితే అది మామూలు బొమ్మ అయిపోయేది. నాకు దగ్గర్నుంచి చూడటమే ఇష్టం. తెర పైమూలన మూడు చిన్న ఎర్ర గుండెలుండేవి. అవి ప్రాణాలు. ఆటలో ఒకసారి చచ్చిపోతే ఒక గుండె ఆరిపోతుంది, మూడూ ఆరిపోతే ఆట ముగిసినట్టు. పిల్లలందరూ ప్రాణాలు లెక్కపెట్టుకుంటుంటే నేను ఆ గుండెకి కుడివైపు ఒక గడి ఎందుకు తక్కువేశారా అని ఆలోచించేదాన్ని.

ఫైనార్ట్స్ చదువుతానని పట్టుబట్టినప్పుడు ఇంట్లో పెద్ద యుద్ధమేమీ జరగలేదు. నాన్న గొడవపడే మనిషి కాదు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి, రోలింగ్ మిల్లులో షిఫ్టులు చేసుకుంటూ బతికారు. కొలత తప్పిన కడ్డీని మళ్లీ కరిగించడానికి పంపెయ్యడమే తప్ప, దాన్ని చూసి జాలిపడటం ఆయనకి తెలియదు. "సరేనమ్మా, చదువుకో. మొదలెట్టాక మధ్యలో మానడం మాత్రం కుదరదు," అన్నారు. నా మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

కాలేజీలో మాత్రం నా గళ్లు ఎవరికీ నచ్చలేదు. అందరూ బెస్తవాళ్లనీ, తాటిచెట్లనీ, సూర్యాస్తమయాన్నీ వేస్తుంటే నేను వీడియో గేములో కనబడే ఇటుకలూ బాంబులూ వేస్తున్నాను. రోజూ కళ్లముందుండే చవకబారు వస్తువుల్ని మెరిసే రంగుల్లో పెద్దవి చేసి గోడకెక్కించడాన్ని పాప్ ఆర్ట్ అంటారని మాకు పాఠం చెప్పిన మాస్టారే, నేను అదే పని చేస్తే "పిల్లలాటలమ్మా ఇవి" అన్నారు. కంప్యూటర్‌లో చేసి ప్రింటు తీశానన్నప్పుడు ఇంకా నవ్వారు. "అచ్చేసిందాన్ని చిత్రమంటే, సినిమా పోస్టరు కూడా చిత్రమే." ఆ నవ్వు నాకు చాలా ఏళ్లు ఉపయోగపడింది. నాకెప్పుడైనా బద్ధకం వస్తే ఆ నవ్వు గుర్తు తెచ్చుకునేదాన్ని.

చదువయ్యాక ఒక బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయ్యాక, ఒక సాయంత్రం ద్వారకానగర్లో నెట్ సెంటర్లో కూర్చుని ఏదో వెతుకుతుంటే, ఎక్కడో దేశంకాని దేశంలో ఎవరో అచ్చం నాలాంటి పిచ్చివాళ్లే కనిపించారు. వీడియో గేముల్ని పాప్ ఆర్ట్ బొమ్మలుగా మార్చి, కాన్వాసు మీద ప్రింటేసి, లిమిటెడ్ ఎడిషన్ అని అమ్ముతున్నారు. అంటే ఒక బొమ్మని ఇన్ని కాపీలే వేస్తామని ముందే చెబుతారు. ఒక్కో కాపీ మీద చేత్తో నంబరు రాసి సంతకం పెడతారు. అంకె నిండాక కంప్యూటర్‌లో ఫైలు చెరిపేస్తారు. ఇక ఎవరు బతిమాలినా ఇంకో కాపీ వెయ్యరు. సినిమా పోస్టరుకీ దానికీ తేడా ఆ మాట దగ్గరే ఉంది. మాస్టారికి ఇన్నాళ్లూ చెప్పలేకపోయిన జవాబు నాకు అక్కడ దొరికింది.

పది అనుకున్నాను. బొమ్మకి పది కాపీలు, పదే.

నేను చేసిన వాటిల్లో అన్నిటికంటే బాగా వచ్చింది పడవ బొమ్మ. ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి, వలలు ఆరేసిన చోట కూర్చుని, ఒక మరపడవని నోట్సు కాగితాల మీద గళ్లుగళ్లుగా వేసుకున్నాను. హార్బర్లో ఎన్ని పడవలున్నా నా కళ్లు దాని మీదే పడటానికి కారణం ఉంది. మొత్తం నీలం రంగు పడవకి పక్కన ఒక్క పలక మాత్రం ఆకుపచ్చది. ఎవరో మరమ్మతు చేసి అతికించిన పలక. ఆ ఒక్క పచ్చ ముక్క చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కంప్యూటర్‌లో సముద్రాన్ని గులాబీ రంగు చేశాను, ఆకాశాన్ని పసుపు చేశాను. వీడియో గేములోలాగా పైన సున్నాల వరస పెట్టాను. కుడి మూల ఖాళీగా ఉందనిపించి అక్కడ మూడు ఎర్ర గుండెలు పెట్టాను. 

ప్రింటు కోసం వన్ టౌన్‌లో ఒక ఫ్లెక్సు ప్రెస్సుకి వెళ్లాను. అక్కడ పెద్ద మిషనుంది, రాజకీయ నాయకుల పుట్టినరోజులకీ, పెళ్లిళ్లకీ ఫ్లెక్సులు వేసేది. కాన్వాసు చుట్ట నేనే చెన్నై నుంచి తెప్పించుకున్నాను. ఆ ప్రెస్సు నడిపే ఆయనకి నాకంటే పదేళ్లు ఎక్కువుంటాయేమో. మనిషి మంచివాడు, పనిలో పక్కా. నా రంగుల కోసం మూడుసార్లు మిషను శుభ్రం చేయించినా విసుక్కోలేదు. పది మాత్రమే వెయ్యాలన్నది ఒక్కటే ఆయన బుర్రకెక్కలేదు.

"ఏటి చెల్లెమ్మా, పదేసి ఆపీడమేటి? మిషను ఎలాగూ వేడెక్కుతాది. ఇంకో ఇరవై ఏసినా నాకేటి కట్టం?"

"ఎక్కువ వేస్తే విలువుండదన్నయ్యా."

"ఎక్కువేత్తే ఎక్కువమంది సూత్తారు కదా. బొమ్మ గీసినది సూడ్డానికా, దాసుకోడానికా?"

"నేను చెప్పినట్టు వెయ్యన్నయ్యా," అని మాత్రం అన్నాను, కొంచెం గట్టిగానే.

ప్రింట్లు ఆరాక తీసుకెళ్దామని వెళ్తే తాడు మీద పదకొండు వేలాడుతున్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. ఇదేంటని అడిగితే ఆయన ముఖం వెలిగిపోయింది.

"కొసరు," అన్నాడు.

వాళ్ల నాన్న పూర్ణా మార్కెట్లో కూరగాయలమ్మి ఆయన్ని పెంచాడట. తూకమయ్యాక సంచిలో ఇంకో గుప్పెడు పడకపోతే బేరం పూర్తయినట్టే లెక్క కాదు ఆ ఇంట్లో. ఆయన ఫ్లెక్సు వేస్తే చిన్న స్టిక్కరు కొసరు, పెళ్లి కార్డులేస్తే ఇంకో పాతిక కార్డులు కొసరు. నాకు, చెల్లెమ్మా అని పిలిచే మనిషికి, కొసరెయ్యకుండా ఎలా పంపుతాడు? చిత్రమేమిటంటే, బజారుకెళ్తే కొసరు వెయ్యందే కదలని దాన్ని నేను కూడా. కరివేపాకు రెబ్బ కోసం పోట్లాడిన రోజులున్నాయి. కానీ ఆ పూట నాకు ఒళ్లు మండిపోయింది.

"చింపెయ్యన్నయ్యా దాన్ని."

"కొసరొద్దంతావేటి?" ఆయన నమ్మలేనట్టు చూశాడు. వద్దనడం ఎంత అవమానమో నాకు తెలుసు. తెలిసే వద్దన్నాను. ఆయన ఎదుటే కూర్చుని కంప్యూటర్లోంచి ఫైలు చెరిపించాను. అది చూసి ఆయన, ఎవరో పోయిన ఇంట్లో ఉన్నట్టు నిలబడ్డాడు. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. "సర్లే, నువ్వెల్లు. నాను సూసుకుంతాను," అన్నాడు ఆయన. నేను పది చుట్టలు ఎత్తుకుని వచ్చేశాను.

అద్దె హాలు ఒకటి తీసుకుని బొమ్మలు పెట్టాను. జనం పెద్దగా రాలేదుగాని, వచ్చినవాళ్లు పడవ ముందు ఆగారు. మొదట కొన్నది ఒక కళ్ల డాక్టరమ్మ. చాలాసేపు చూసి, అద్దాలు తీసి మళ్లీ చూసి, "నిజంగా పదేనా?" అని అడిగారు. "పదేనండి. ఇంకొకటి ఉండదు, వెయ్యను," అన్నాను. ఆవిడ నమ్మారు. ఆవిడ మాట మీద ఆవిడ స్నేహితులు ఇద్దరు కొన్నారు. అలా మెల్లగా తొమ్మిది పడవలు తొమ్మిది ఇళ్లకి వెళ్లిపోయాయి.

పదోది అమ్మలేదు. ఎందుకంటే ఆఖరి రోజు నాన్న డ్యూటీ దిగి నేరుగా హాలుకొచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని అన్నీ చూశారు. పడవ దగ్గర నిలబడిపోయి, ముందుకొకసారి జరిగారు, వెనక్కొకసారి జరిగారు. "దగ్గరకెళ్తే గళ్లే," అన్నారు తనలో తనే. తర్వాత నా వైపు తిరగకుండానే, "ఇదొకటి మనింటికి తీసుకెళ్దామా అమ్మా?" అన్నారు. నేను బొమ్మలు వెయ్యడం మొదలెట్టాక ఆయన నన్ను ఒక బొమ్మ అడగడం అదే మొదటిసారి.

ముందుగదిలో టేపు పెట్టి గోడంతా కొలిచి, సరిగ్గా మధ్యలో పెట్టారు. ఆ తర్వాత ఇంటికొచ్చినవాళ్లకి తిప్పలు మొదలయ్యాయి. గ్యాసు సిలిండరు తెచ్చినతను కూడా తప్పించుకోలేదు. "లోకంలో పదే ఉన్నాయండి ఇలాంటివి. ఇది పదోది. కావాలంటే కింద చూడండి, మా అమ్మాయి చేత్తో రాసింది." గళ్ల బొమ్మ అనడం ఎప్పుడు మానేశారో నేను గమనించలేదు.

కొన్ని నెలలకి డాక్టరమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. జాలరిపేటలో కళ్ల పరీక్షలు చెయ్యడానికి వెళ్లారట. ఆపరేషను చేసిన ఒక ముసలామెని చూసి వస్తుంటే, పక్కింటి తలుపులోంచి గోడ మీద పడవ కనిపించిందట.

"మన పడవే. లోపలికెళ్లి చూశాను. నంబరు లేదు, సంతకం లేదు," అన్నారు.

"సంతకం లేదా?" అని మాత్రం అడిగాను.

"నేనేమీ కోప్పడటం లేదమ్మా. డబ్బు సంగతి అసలే కాదు. నా మాట మీద ఇంకో ఇద్దరు కొన్నారు, వాళ్లకి నేనేం చెప్పాలో తెలియాలి. పదా, పదకొండా? అది తెలుసుకుని చెప్పు."

ఫోను పెట్టేశాక నేను చేసిన మొదటి పని, స్కూలుకి సెలవు చెప్పి వన్ టౌన్ బస్సెక్కడం. దారంతా ఆ ప్రెస్సాయన్ని ఏమేమి అనాలో వరసగా పేర్చుకున్నాను. ఆ అంకె ఒక్కటే నాకున్నది. అది అబద్ధమైతే నా బొమ్మలు మళ్లీ పోస్టర్లే, మాస్టారు నవ్విందే నిజం. వెళ్లగానే అడిగేశాను, చింపమన్నాను కదా, ఎందుకు చింపలేదని.

ఆయన దాచలేదు, బుకాయించలేదు. "సింపమన్నావు, నిజమే. కత్తెర కూడా తీసినాను. ఆ టైముకి సేపలమ్మే ఆమె ఒచ్చింది, రోజూ మా ఈదికి ఒత్తాది. తాడు మీదున్న బొమ్మని సూసి, ఇది మా బోటు అనీసింది. ఆ పచ్చపలక సూపించింది. తనదే అని ఏడుత్తా అడుగుతాంటే, ఆమె ఎదురుగా బోటుని ఎలా సింపుతానమ్మా? నీకొద్దన్న కొసరు ఆమెకేసినాను."

పేర్చుకున్న తిట్లలో ఒక్కటి కూడా బయటికి రాలేదు. అయినా నా కోపం చల్లారలేదు. ఎవరి పడవైతే నాకేం, నా మాట నాది. ఇల్లెక్కడో కనుక్కుని జాలరిపేటకి నడిచాను. కాన్వాసు తీసుకురావడం, కొయ్యడం, డాక్టరమ్మకి ఫోను చెయ్యడం. నా మనసులో ఇంకేమీ లేదు.

ఆమె వాకిట్లో గోనె మీద చేపలు ఆరబెడుతోంది. మా అమ్మకంటే కొంచెం చిన్నదేమో. నేనెవరో చెప్పగానే చేతులు చీరకి తుడుచుకుని, "నువ్వేనేటమ్మా గీసినది? రా, నోపలికి రా," అని లాక్కెళ్లింది. గుమ్మానికి ఎదురుగా ఉంది పడవ. ఫ్రేము లేదు, నాలుగు మూలలా మేకులు. పడవ ముక్కు మీద కుంకుమ బొట్టు. పైమూలన మూడు గుండెల మీదా ఒక్కో బొట్టు.

"ఆ పలక సూడు," అంది. "తుపానుకి పగిలిపోతే మా ఆయనే ఏసినాడు. నీలంరంగు అయిపోనాదని పచ్చదేసీసినాడు. హార్బర్లో ఇంకే బోటుకీ నేదు. ఇన్ని బోట్లుండగా నువ్వు మాదే ఎందుకు గీసినావో గాని."

కూర్చోమని పీట వేసింది. నేను కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇలాంటివి పదే ఉంటాయని పదిమందికి మాటిచ్చానని, ఇది పదకొండోదని, ఇది ఉన్నంతకాలం నేను అబద్ధాలకోరునేనని. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది. ఎంత డబ్బని అడగలేదు. అంత చిన్న బొమ్మకి ఇంత గొడవేంటని అనలేదు.

"అయితే తీసుకెల్లిపోవాల," అంది.

"అవునక్కా."

"మాటంటే మాటే మరి. నాను కాదనను." గోడ వైపు చూసింది. "గాని, బోటు నీల్లమీదున్నాది. ఎల్లి చాన్నాల్లయినాది, ఇయ్యాలో రేపో ఒత్తాడు. గోడమీన్నించి బోటుని ఇప్పుడు దించితే బాగోదమ్మా. ఆయన ఒడ్డుకొచ్చీవరకు ఉంచు. ఒచ్చినాక నానే తెచ్చి నీ సేతిలో ఎడతాను."

సరేనన్నాను. వెళ్లబోతుంటే ఆమె ఆపింది.

"ఒకటడుగుతాను. ఈ మూడు ఎర్రవీ ఏటని పెస్సన్నయ్యని అడిగితే, పేణాలన్నాడు. నిజిమేనా?"

"నిజమే అక్కా. ఆటలో అలా ఉంటుంది. ఒకటి పోయినా ఇంకో రెండుంటాయి."

"మడిసికి ఒకటే కదా," అంది. "నువ్వు మూడెట్టినావు."

నేను ఆ గుండెలు పెట్టింది మూల ఖాళీగా ఉందని. ఆ మాట ఆమెతో చెప్పలేదు. ఆమె పొద్దున్నే చేపలగంప ఎత్తుకునే ముందు ఆ మూడింటికీ బొట్టు పెడుతోంది. ఆయన సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఆమెకి ఆ గోడ కావాలి. నాకు ఏడుపొచ్చింది, అక్కడే, ఆ ఎండుచేపల వాసన మధ్య నిలబడి ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "ఏటమ్మా, నీది నీకిచ్చెత్తానన్నాను కదా," అంటూ ఓదార్చింది. ఆమె వస్తువు నేను లాక్కుంటుంటే ఆమె నన్ను ఓదార్చింది.

ఇంటికి వెళ్లే బస్సులో దారులన్నీ వెతికాను. తొమ్మిదిమందికీ ఫోన్లు చేసి పది కాదు, పదకొండు అనుకోండి అని అడగొచ్చు. అడిగితే బహుశా ఒప్పుకుంటారు కూడా. కానీ ఒకసారి పదకొండు అయిన పది రేపు పన్నెండు కాదని ఎవరు నమ్ముతారు? నేనే నమ్మను. ఆమె గోడ మీది పడవ కొయ్యలేను. అమ్మినవాటి జోలికి వెళ్లలేను. నాదనుకునేది ఒక్కటే ఉంది, మా ముందుగది గోడ మీద. బస్సు గాజువాక దాటేసరికి నిర్ణయమైపోయింది. అది నాన్నకి చెప్పాలని గుర్తొచ్చాక, దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

నాన్న అప్పుడే స్నానం చేసి, తువ్వాలుతో తల తుడుచుకుంటున్నారు. మొదట్నుంచీ చెప్పాను. కొసరు దగ్గర చిన్నగా నవ్వారు. గుండెల మీద బొట్ల దగ్గర నవ్వు ఆగిపోయింది. చివరికొచ్చేసరికి నేను ఏం అడగబోతున్నానో ఆయనకి తెలిసిపోయింది. లేచి వెళ్లి గోడ ముందు నిలబడ్డారు.

"ఎంతమందికిచ్చావమ్మా మాట?"

"కొన్నవాళ్లందరికీ నాన్నా."

"నాక్కూడా ఇచ్చావు కదా, పదేనని."

"అవును."

"మరింకేం," అన్నారు. "ఆవిడ దగ్గరున్నదాని మీద నంబరు రాశావా?" అని అడిగారు.

"లేదు."

"ముందు అది రాసి రా. ముందే ఇది కోసేస్తే తొమ్మిదవుతాయి. పదంటే పదే, ఒకటి ఎక్కువైనా తప్పే, తక్కువైనా తప్పే." కొలత విషయంలో ఆయన ఎప్పుడూ అంతే. మళ్లీ అన్నారు, "అన్నట్టు, ఆ పడవ ఇంకా ఒడ్డుకి రాలేదన్నావు కదా. వచ్చేదాకా దీన్ని కూడా కదపొద్దులే." దేవుడి గదిలోకి కూడా అమ్మ లాక్కెళ్తే తప్ప వెళ్లని మనిషి ఆ మాట అన్నారు.

రెండోసారి జాలరిపేటకి వెళ్లేసరికి పడవ వచ్చేసింది. ఆమె భర్త ఇంట్లోనే ఉన్నాడు, ఎండకి మాడిపోయి, కళ్లు ఎర్రబడి, కంచంలో అన్నం కలుపుకుంటున్నాడు. నన్ను చూసి ఆమె అడక్కుండానే గోడ దగ్గరికి వెళ్లి మేకు మీద చెయ్యి వేసింది. "తియ్యకక్కా," అన్నాను. సంచిలోంచి నల్ల పెన్ను తీసి, అలా గోడ మీద ఉండగానే కింద మూలన పదిలో పదోది అని నంబరు రాసి, నా సంతకం పెట్టాను.

"ఏటి రాసినావు?" అంది ఆమె.

"ఇది మీదేనని."

అతను అన్నం చెయ్యి గాల్లో అలాగే ఉంచి బొమ్మని చూశాడు. "మరి నీ మాటో?" అన్నాడు. ఆమె చెప్పి ఉంటుంది.

"అది నేను చూసుకుంటానన్నయ్యా," అన్నాను. భోంచేసి వెళ్లమన్నారు. భోంచేశాను. చేపముక్క రెండోసారి వెయ్యబోతే వద్దనలేదు.

ఇంటికొచ్చేసరికి నాన్న పడవని గోడ మీంచి దించి, చెక్క ఫ్రేము నుంచి పిన్నులు ఒక్కొక్కటే ఊడదీసి, కాన్వాసుని భోజనాల బల్ల మీద పరిచి ఉంచారు. పైనుంచి కిందకి సరిగ్గా మధ్యలో పెన్సిలుతో గీత కూడా గీశారు. "కోసేదే అయినా వంకరగా ఎందుకు," అన్నారు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది, లోపలికి రాలేదు.

కత్తెర నేనే పట్టుకున్నాను. కాన్వాసు గట్టిది, జారిపోతుంటే నాన్న రెండు చేతులతో చివర్లు లాగి పట్టుకున్నారు. పసుపు ఆకాశం తెగింది. సున్నాల వరస తెగింది. ఆయన ముఖం చూస్తే ఆగిపోతానని గీత మీదే కళ్లు పెట్టుకున్నాను. కత్తెర ఆకుపచ్చ పలక దగ్గరికొచ్చినప్పుడు మాత్రం తలెత్తాను. నాన్న కిటికీ వైపు తిరిగి ఉన్నారు. చేతులు మాత్రం వదల్లేదు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోను చేశాను.

"పదేనండి," అన్నాను.

"మరి నేను చూసిందేంటమ్మా?"

"అది పదోదండి. నంబరేసి వచ్చాను."

"పదోది మీ నాన్నగారింట్లో ఉందన్నావు కదా?"

"ఉండేదండి," అన్నాను.